అత్రాఫె బల్దా నుంచి ఔటర్ రింగ్ రోడ్డు దాకా: మేడ్చల్, షామీర్‌పేట జమీన్ కథ

ఈ రోజుల్లో ఏ వలీమాకు వెళ్ళినా దస్తర్‌ఖాన్ దగ్గర ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "మేడ్చల్ దిక్కు ఒక ప్లాటు తీసుకుందామనుకుంటున్నం భాయ్, ఏమంటరు?" అని ఒకరంటారు. పక్కన కూచున్న చాచా "షామీర్‌పేట అయితే ఇంకా బెహతర్" అంటారు. గజం ధర ఎంత, రోడ్డు ఎన్ని ఫీట్లు, ఔటర్ ఎంత దూరం, బోరు పడుతుందా అని అందరూ అడుగుతారు. మన ఇళ్ళలో ఈ ఫికర్‌కు ఒక వజహ్ కూడా ఉంది. బ్యాంకులో డిపాజిట్ చేస్తే సూద్ అంటుకుంటుందని జంకేవాళ్ళు మనలో చాలామంది. బంగారం బేటీల పెళ్ళిళ్ళకు పోతుంది. ఖలీజ్ దేశాల్లో పదిహేను, ఇరవై ఏళ్ళు కష్టపడి తెచ్చిన కమాయీ చివరికి జమీన్ రూపంలోనే నిలుస్తుంది.

ఇన్ని అడిగినా ఒక సవాల్ మాత్రం ఎవరూ అడగరు. ఈ జమీన్ ఇంతకుముందు ఎవరిది? ఏ కాగితం మీద ఎవరి పేరుంది? ఆ కాగితం ఏ జబాన్‌లో ఉంది? మేడ్చల్, షామీర్‌పేటల తారీఖ్ తెలిస్తే ఈ మూడింటికీ జవాబు దొరుకుతుంది. ఆ జవాబులో మన దాదా, పర్‌దాదాల కాలం కూడా కనబడుతుంది.

అత్రాఫ్ అంటే చుట్టుపక్కల

"అత్రాఫ్" అరబ్బీ మాట, తరఫ్‌కు బహువచనం. "బల్దా" అంటే షహర్. హైదరాబాదు నగరాన్ని చుట్టుకొని ఉన్న జిల్లాకు ఆసఫ్‌జాహీల కాలంలో అత్రాఫె బల్దా అని పేరు. నగరం చుట్టుపక్కలి నేల అని అర్థం. మేడ్చల్ ఆ జిల్లాలో ఒక తాలూకా. 1865లో మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ జిలాబందీ చేసి రియాసత్‌ను జిల్లాలుగా, తాలూకాలుగా విభజించిన నాటి నుంచి కలెక్టరుకు సమానుడైన అవ్వల్ తాలూకాదార్, తహసీల్దార్, గిర్దావర్ అనే హోదాలు ఊళ్ళలో స్థిరపడ్డాయి.

అప్పటి జమీన్‌ను స్థూలంగా మూడు రకాలుగా చూడాలి. ఒకటి దీవానీ, అంటే హుకూమత్ నేరుగా శిస్తు వసూలు చేసే నేల. రెండోది జాగీర్లు, పాయగాలు, సంస్థానాలు. మూడోది సర్ఫె ఖాస్, అంటే నిజాం నవాబు జాతీ ఖర్చుల కోసం ఉంచుకున్న నేల. రియాసత్ మొత్తంలో దీవానీ దాదాపు 60 శాతం, జాగీర్ల వగైరా 30 శాతం, సర్ఫె ఖాస్ 10 శాతం అని లెక్క చెబుతారు. అత్రాఫె బల్దా ప్రధానంగా సర్ఫె ఖాస్ జిల్లా. మేడ్చల్ రైతు కట్టిన శిస్తు సర్కారు ఖజానాకు కాకుండా నిజాం సొంత ఖజానాకు చేరేది. నిజాంను లోకం దునియాలోనే పెద్ద దౌలత్‌మంద్‌గా చెప్పుకుంటున్న రోజుల్లో ఆ దౌలత్‌లో ఒక పిడికెడు ఈ జొన్న చేలది, ఈ చెరువు కింది వరి మళ్ళది.

ఊళ్ళో హుకూమత్ అంటే ముగ్గురు: మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ. శిస్తు వసూలు మాలీ పటేల్ పని, కాపలా పోలీస్ పటేల్ పని, లెక్కలు పట్వారీ పని. ఇవి వంశపారంపర్య హోదాలు. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వీటిని రద్దు చేసేదాకా పట్వారీ బస్తాలోనే ఊరి నసీబ్ ఉండేది.

ఆ బస్తాలోని మాటలు చూడండి. మౌజా, నక్షా, హద్దు, ఖాతా, కబ్జా, దస్తావేజు, దరఖాస్తు, జమాబందీ, రసీదు. ఉర్దూ ఒక్క అక్షరం రాని గౌండ్ల మల్లయ్య, కుర్మ ఎల్లయ్య కూడా ఈ మాటలు రోజూ వాడారు, నేటికీ వాడుతున్నారు. ఉర్దూ మసీదుకో ముషాయిరాకో పరిమితమని అనుకునేవాళ్ళు ఒక్కసారి మేడ్చల్ తహసీల్ ఆఫీసు ముందు నిలబడి రైతుల మాటలు వినాలి. తెలంగాణ తెలుగులో ఉర్దూ అందరికంటే గట్టిగా నాటుకున్న చోటు పొలం.

ఊళ్ళ పేర్లలోనూ అదే కలగలుపు. షామీర్‌పేట, హకీంపేట, అలియాబాద్, మజీద్‌పూర్, లాల్‌గడి మలక్‌పేట, మునీరాబాద్ ఒక పక్క. కండ్లకోయ, గౌడవెల్లి, అత్వెల్లి, ఉద్దెమర్రి, కొల్తూరు ఇంకో పక్క. మధ్యలో తుర్కపల్లి. తెలుగువాళ్ళు మనల్ని పిలిచిన పాత పేరునే మోస్తున్న పల్లె అది. దాని సంగతి ముందు వస్తుంది.

పటాలం ఒక దారి, రైలు ఇంకో దారి

నగరం పడమరకు పెరిగినట్టుగా ఉత్తరానికి ఎందుకు పెరగలేదని చాలామంది అడుగుతారు. జవాబు కోసం 1798 దాకా వెళ్ళాలి. ఆ ఏడు నిజాం కుంఫిణీ వాళ్ళతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. వాళ్ళ ఫౌజ్ హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగింది. 1806లో మూడో నిజాం సికందర్ జాహ్ పేరు మీద ఆ ఛావనీ సికింద్రాబాద్ అయింది. తర్వాత బొల్లారం, తిరుమలగిరి, అల్వాల్ వైపు పటాలాలు విస్తరించాయి. బొల్లారంలో రెసిడెంటు ఉండిన బంగళాయే ఇవాళ్టి రాష్ట్రపతి నిలయం. స్వాతంత్ర్యం తర్వాత ఆ ఛావనీ నేల చాలావరకు దేశ రక్షణ శాఖ చేతికి వచ్చింది.

దాని ఫలితం నిన్నమొన్నటి దాకా మనం అనుభవించాం. మేడ్చల్ వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి, షామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి రెండూ కంటోన్మెంట్ నడుమ నుంచే పోవాలి. రోడ్డు వెడల్పు చేయాలన్నా, పైవంతెన కట్టాలన్నా రక్షణ శాఖ ఇజాజత్ కావాలి. ఏళ్ళ తరబడి ఆ ఇజాజత్ రాలేదు. 2024 మార్చిలో భూములకు అనుమతి దొరికి, రెండు దారుల్లోనూ ఎలివేటెడ్ కారిడార్లకు శంకుస్థాపన జరిగింది. 1798 నాటి ఒక దస్తఖత్ ఇవాళ ప్యారడైజ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మన బస్సు మీద కూడా పనిచేస్తోందంటే ఇందుకే.

రైలు కథ వేరు. హైదరాబాద్ గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో మన్మాడ్ నుంచి సికింద్రాబాద్ దాకా మీటర్ గేజ్ లైను 1900 ప్రాంతంలో వచ్చింది. బొల్లారం దాటగానే మేడ్చల్ మీదుగా పోయే ఆ లైను ఇక్కడి సరుకును ఔరంగాబాద్, మన్మాడ్‌లతో కలిపింది. మేడ్చల్ స్టేషన్ ఊరు, షామీర్‌పేట రోడ్డు ఊరు. అప్పటి నుంచి రెండూ వేర్వేరు తీరున పెరిగాయి. మేడ్చల్ గోదాములు, మిల్లులు, ఫ్యాక్టరీల వైపు పోతే, షామీర్‌పేట తోటలు, ఫామ్‌హౌసులు, చదువుల క్యాంపసుల వైపు మళ్ళింది. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ మొదలైంది. స్టేషన్ వచ్చి సౌ సాల్ దాటాక మేడ్చల్ నౌకరీదారుకు షహర్ లోకల్ రైలు దొరికింది.

రాయి, నీళ్ళు, అంగూర్

ఈ ప్రాంతం చదునుగా ఉండదు. ఎటు చూసినా నల్లని, గోధుమ రంగు గ్రానైటు గుట్టలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండలు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసున్న రాయి అది. గుట్ట మీద ఇల్లు అంటే హవా బాగుంటుంది, నజారా బాగుంటుంది. కానీ ఆ రాయి కింద నీళ్ళు నిలవవు. పగుళ్ళలో ఉన్నంతే ఉంటాయి. ఒక ప్లాటులో బోరు పోస్తుంది, పక్క ప్లాటులో దుమ్ము లేస్తుంది. ఇక్కడ పెద్ద నది లేదు. అందుకే పాతవాళ్ళు గుట్టల మధ్య కట్టలు వేసి చెరువులు చేసుకున్నారు. షామీర్‌పేట పెద్ద చెరువు వాటన్నిటికీ బుజుర్గ్ లాంటిది.

చెరువు వచ్చిన చోట "షికం" అనే మాట వస్తుంది. ఫార్సీలో షికం అంటే కడుపు. చెరువు కడుపు, అంటే నీళ్ళు నిలిచే నేల. రికార్డుల్లో "షికం తాలాబ్" అని ఉంటే అది సర్కారుది. "షికం పట్టా" అని ఉంటే పట్టాదారుకు హక్కుంది, కానీ నీళ్ళు తగ్గినప్పుడు సాగు చేసుకునేంత వరకే. ఎండాకాలంలో చూస్తే అది చక్కని మైదానంలా కనబడుతుంది. దలాల్ అప్పుడే చూపిస్తాడు. పదెకరాలు, అంతకు పైబడిన చెరువులన్నీ ఒకటే కొలత అనుకోకండి. ఇప్పటి నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. 2024 జూలైలో హైడ్రా ఏర్పడి చెరువుల్లో కట్టిన ఇళ్ళు కూల్చడం మొదలుపెట్టాక ఈ మాట విలువ అందరికీ తెలిసింది. కూలిన ఇళ్ళవాళ్ళలో చాలామంది రిజిస్ట్రేషన్ అయిన కాగితం చేత్తో పట్టుకొనే నిలబడ్డారు. రిజిస్ట్రేషన్ అయిందంటే అమ్మకం జరిగిందని సుబూత్ మాత్రమే. అమ్మినవాడికి అమ్మే హక్కుందని కాదు.

ఈ నేలకు ఒకప్పుడు ఇంకో శాన్ ఉండేది, అంగూర్ తోటలు. హైదరాబాదులో అబ్దుల్ బాఖర్ ఖాన్ తోట నుంచి పేరొచ్చిన అనాబె షాహీ రకం ద్రాక్ష నగరం చుట్టుపక్కల ఎర్ర చెలకల్లో బాగా పండింది. పందిళ్ళు, రాతి కడీలు, బావులు ఉన్న తోటలు మేడ్చల్, షామీర్‌పేట, కీసర దారుల్లో కనబడేవి. బావుల్లో నీళ్ళు అడుగంటాయి, మజ్దూరీ పెరిగింది, ఎకరం ధర గుత్తుల మీద వచ్చే రాబడిని ఎన్నో రెట్లు దాటిపోయింది. రైతు పందిరి పీకి హద్దు రాళ్ళు పాతాడు. ఇవాళ "గ్రేప్ గార్డెన్" అని పేరున్న వెంచర్‌లో ఒక్క తీగ కూడా ఉండకపోవచ్చు.

1948 నుంచి 1955: ఏడేళ్ళలో మారిన దునియా

1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీస్ యాక్షన్ 17న ముగిసింది. ఆ తర్వాత జమీన్ మీద వచ్చిన మార్పులు ఎంత వేగంగా వచ్చాయో చూడండి. 1949 ఫిబ్రవరిలో సర్ఫె ఖాస్ దీవానీలో కలిసింది. బదులుగా నిజాంకు ఏటా 25 లక్షల రూపాయలు ముఆవజా నిర్ణయించారు. అదే ఏడు ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది. దాని మీద 1358 ఫస్లీ అని ఉంటుంది. ఫస్లీకి నెలను బట్టి 590 లేదా 591 కలిపితే ఈస్వీ సంవత్సరం వస్తుంది, పాత కాగితాలు చదివేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఏళ్ళుగా దున్నుతున్న కౌలుదారు "రక్షిత కౌలుదారు" అయ్యాడు, పట్టాదారు ఇష్టమొచ్చినప్పుడు తీసెయ్యడానికి వీల్లేకుండా పోయింది. 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది.

ఈ మార్పుల్లో న్యాయం ఉంది, అందులో షక్ లేదు. దున్నేవాడికి హక్కు రావడం ఇన్సాఫ్. వెట్టి పోవడం ఇన్సాఫ్. జాగీర్దార్ల కోసం మనం కన్నీళ్ళు కార్చాల్సిన పని లేదు. పెద్ద జాగీర్దార్‌కు కమ్యుటేషన్ పేరుతో ఏళ్ళ తరబడి రకం ముట్టింది. నష్టపోయింది చిన్నవాళ్ళు. జాగీర్ కచేరీలో పదిరూపాయల ముహర్రిర్, పేష్కార్, సిపాయి, మసీదు సేవకు రెండెకరాలు ఇనాం ఉన్న ముఅజ్జిన్, పీర్ల చావిడి చూసుకునే ముజావర్. నౌకరీ ఒక రోజు, ఇనాం ఇంకో రోజు పోయింది. తెలుగులో రాసిన కొత్త నోటీసు వాళ్ళు చదవలేకపోయారు. ఉర్దూలో ఉన్న పాత సనద్‌ను కొత్త అధికారి చదవలేకపోయాడు.

ఖాస్రా పహాణీ ఎందుకంత ముఖ్యమో ఇక్కడే అర్థమవుతుంది. సర్వే నంబరు వారీగా పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరు, ఏ హక్కుతో ఉన్నారు అని అందులో రాశారు. రాసిన రోజు ఊళ్ళో ఉన్నవాడి పేరు ఎక్కింది. నౌకరీ వెతుక్కుంటూ షహర్ పోయినవాడి పేరు, భయంతో చుట్టాలింటికి పోయినవాడి పేరు ఎక్కకపోవడానికి ఎంత అవకాశం ఉందో ఊహించండి. ఒక భాయీ కరాచీ పోతే అతని హిస్సా కాందిశీకుల ఆస్తుల చట్టం కిందికి పోయే ప్రమాదం వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటినా అదాలత్‌లో జమీన్ దావా పడితే వకీల్ సాబ్ ముందుగా అడిగేది ఈ ఖాస్రానే. చాలా ఊళ్ళది ఉర్దూలోనే ఉంటుంది. దానికంటే ముందుది సేత్వార్, సర్వే, బందోబస్తు అయ్యాక ప్రతి నంబరుకూ విస్తీర్ణం, పట్టాదారు పేరు రాసిన అసలు రిజిస్టరు. ఫైసల్ పట్టీలో ఆ ఏడు జరిగిన మార్పులు, వసూల్ బాకీలో ఎవరు ఎంత కట్టారు, ఎంత బాకీ అనేది ఉంటాయి. "ఖారిజ్ ఖాతా" అని కనబడితే ఆ నేల ఖాతా నుంచి తొలగించారని అర్థం, అంటే సర్కారుది.

అప్పటి అత్రాఫె బల్దా తర్వాత బాఘాత్‌తో కలిసి హైదరాబాదు జిల్లా అయింది. 1978 ఆగస్టు 15న దాని నుంచి రంగారెడ్డి జిల్లా, 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి నుంచి మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లా వచ్చాయి. ఒకే సర్వే నంబరుకు మూడు జిల్లాల పేర్లతో కాగితాలు ఉంటాయి. చూసి ఖంగారు పడకండి, కానీ మూడూ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా చూసుకోండి.

చావిడి, ఖబ్రస్తాన్, ముంతఖాబ్

తెలంగాణలో పీర్ల చావిడి లేని ఊరు అరుదు. ముహర్రంలో పీర్లను ఎత్తేవాళ్ళలో అన్ని కులాలవాళ్ళు ఉంటారు. ఆ ఆషూర్‌ఖానాల దీపానికి, మసీదు చాపకు, దర్గా ఉర్స్‌కు, ఖబ్రస్తాన్‌కు పాతకాలంలో జమీన్ రాసిచ్చారు. సేవ చేసినంత కాలం అనుభవించే ఇనాంను మష్రూతుల్ ఖిద్మత్ అన్నారు, ఖిద్మత్ షరతు మీద ఇచ్చింది అని. ఆ హక్కును ధ్రువీకరిస్తూ ఇచ్చిన కాగితం ముంతఖాబ్.

ఆ నేల ముజావర్ కుటుంబానిది కాదు, అమ్ముకోవడానికి వీల్లేదు. కానీ అమ్మకాలు జరిగాయి. అమ్మినవాళ్ళలో మనవాళ్ళు ఉన్నారు, కొన్నవాళ్ళలోనూ మనవాళ్ళు ఉన్నారు. గజం ధర వేలు దాటినప్పుడు ఖిద్మత్ గుర్తుండటం కష్టం. వక్ఫ్ గెజెట్‌లో ఉన్న సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలోకి వస్తాయి. 2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది, ఆ జూన్‌లో ఉమీద్ పోర్టల్ తెరిచి ప్రతి వక్ఫ్ వివరాలు అందులో ఎక్కించమన్నారు. చట్టం మీద మన అభిప్రాయాలు ఏవైనా కావచ్చు. ఊరి ఖబ్రస్తాన్‌కు కాగితం ఎక్కడుందో తెలిసినవాళ్ళు ఆ ఊరి కమిటీలో ఎంతమంది ఉన్నారన్నది మాత్రం మనమే జవాబు చెప్పుకోవాల్సిన సవాల్. నగరం పెరుగుతూ వచ్చి పల్లెను మింగినప్పుడు మొదట కరిగిపోయేది ప్రహరీ లేని ఖబ్రస్తానే.

టీకాలు, క్యాంపసులు, ఔటర్

ఇక ఇన్వెస్ట్‌మెంట్ సంగతి. ఈ ప్రాంతంలో నిజమైన పెట్టుబడి కథ ఒకటి ఉంది. అది ప్లాట్ల కథ కాదు. 1993లో వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ మొదలుపెట్టారు. హెపటైటిస్ బి టీకా మన దేశంలోనే చేయాలన్నది ఆయన ఇరాదా. బ్యాంకులు నమ్మలేదు. నమ్మింది ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. ఆ ఖలీజ్ పెట్టుబడితో నిలబడిన సంస్థ 1997లో షాన్‌వాక్ బి పేరుతో దేశపు మొదటి రీకాంబినెంట్ టీకా తెచ్చింది. వందల రూపాయలు పలికే విదేశీ టీకా ముందు దాని ధర ఎంతో తక్కువ. ఆ సంస్థ ఫ్యాక్టరీ మేడ్చల్‌లో వెలిసింది. 2009లో ఫ్రాన్స్ కంపెనీ సనోఫీ దాన్ని కొన్నది.

1999లో తుర్కపల్లి దగ్గర నాలెడ్జ్ పార్కు, జీనోమ్ వ్యాలీ మొదలయ్యాయి. 2021 జనవరి 3న అత్యవసర అనుమతి దొరికిన కోవాక్సిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ అక్కడిదే. పేరులోనే తుర్క ఉన్న పల్లె ఇవాళ దునియాకు టీకాలు పంపుతోంది. షామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 2008లో బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ వచ్చింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు మేడ్చల్, షామీర్‌పేట రెండు చోట్లా దిగే దారులున్నాయి. 2022 ఆగస్టులో అంతాయిపల్లిలో జిల్లా కలెక్టరేట్ తెరిచారు. 2025 జనవరి 1న మేడ్చల్‌కు, షామీర్‌పేటకు మెట్రో పొడిగిస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు.

ఇవన్నీ మంచి విషయాలే. కానీ పైన చెప్పిన తారీఖ్ ఒకసారి మళ్ళీ చూడండి. ప్రకటనకూ పనికీ మధ్య ఒక్కోసారి ఒక తరం గడుస్తుంది. ప్రకటన రోజే ధర పెరుగుతుంది, రైలు మాత్రం తన టైముకే వస్తుంది. బేటీ పెళ్ళి మూడేళ్ళలో ఉందనుకునేవాళ్ళు మెట్రో నమ్ముకొని మొత్తం రకం ప్లాటులో పెట్టకూడదు. జవహర్‌నగర్ పక్క కొనేవాళ్ళు అక్కడి చెత్త డంపింగ్ యార్డు వాసన ఏ గాలికి ఎంత దూరం వస్తుందో రాత్రి పూట వెళ్ళి చూడాలి. హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాల దగ్గర ఇంటి ఎత్తుకు ఇజాజత్ అవసరమా అని అడగాలి. పేదలకు, మాజీ సైనికులకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ జమీన్ ఈ వైపు చాలా ఉంది. పేదలకిచ్చిన అసైన్డ్ నేలను 1977 చట్టం ప్రకారం అమ్మడానికి వీల్లేదు, కొన్నా హక్కు రాదు. 500 చదరపు మీటర్లు దాటిన, లేదా 8కి మించి ప్లాట్లున్న వెంచర్‌కు రెరా నంబరు ఉండాలి. నంబరు చూపించని చోట చాయ్ తాగి సలాం చెప్పి వచ్చెయ్యండి.

మూడుచింతలపల్లిలో నొక్కిన బటన్

2020 అక్టోబర్ 29న ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్ ప్రారంభించింది ఈ జిల్లాలోని మూడుచింతలపల్లిలోనే. పట్వారీ బస్తా నుంచి మొదలైన ప్రయాణం కంప్యూటర్ తెరకు చేరింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజు కావడం పెద్ద సహూలత్. కానీ పాత పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ తెర మీద లేకుండా పోయింది. పట్టాదారు పేరుంటే చాలు, దున్నేది ఎవరో అక్కర్లేదు. తప్పు పడితే దిద్దుకోవడానికి కింది స్థాయిలో దారి లేక జనం అదాలత్‌ల చుట్టూ తిరిగారు. 2025 ఏప్రిల్ 14న దాని చోట భూభారతి వచ్చింది, అప్పీలుకు అంచెలు పెట్టారు. పేర్లు మారుతూనే ఉంటాయి. సర్వే నంబరు మారదు, సేత్వార్ మారదు.

మన ఇంట్లో ఉన్న జమీన్

చివరిగా, బయటి దలాల్ గురించి కాకుండా మన ఇంటి గురించి ఒక లెక్క. ఒకాయన ఇంతెకాల్ అయ్యారు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. తల్లిదండ్రులు ముందే పోయారు, బాకీలు, వసీయత్ ఏమీ లేవు. ఉన్నది మేడ్చల్ దగ్గర ఒక ఎకరం, అంటే 40 గుంటలు. మన ఫరాయిజ్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, 5 గుంటలు. మిగిలిన 35లో కొడుకుకు రెండు పాళ్ళు, ఒక్కో కూతురికి ఒక పాలు. కొడుకుకు 17.5, ఒక్కో కూతురికి 8.75 గుంటలు. "ఎనిమిది గుంటలే కదా, ఆపా ఏం అడుగుతుంది" అనుకుంటాం. గుంటకు 121 గజాలు. 8.75 గుంటలంటే 1,058 గజాలకు పైనే. 200 గజాల ప్లాట్లు ఐదు. ఒక బహెన్ నోరు విప్పి అడగని దాని ఖీమత్ అది.

పొలంగా ఉన్నప్పుడు ఆ హిస్సా ఎవరికీ కనబడలేదు. వెంచర్ అయిన రోజు కనబడుతుంది, అప్పటికి సంతకాలు అయిపోయి ఉంటాయి. ఇంకో ఇంట్లో అబ్బా నోటి మాటగా హిబా చేసి ఉంటారు. హిబాకు ఇవ్వడం, ఖుబూల్ చేయడం, కబ్జా అప్పగించడం మూడూ ఉంటే షరియత్‌లో అది చెల్లుతుంది, దేశ చట్టమూ మన హిబాకు రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఇచ్చింది. కానీ నోటి హిబాతో రికార్డులో పేరు మారదు. గవాహులు ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. ఆ తర్వాత భాయీల మధ్య దావా మిగులుతుంది. బతికుండగానే కాగితం మీద పెట్టడం మీద భరోసా లేకపోవడం కాదు, పిల్లల మీద రహమ్.

2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది. అయినా షికస్తా రాతలో ఉన్న పాత సనద్ చదవగలిగే వాళ్ళు మన ఖాందానుల్లో రోజురోజుకూ తగ్గిపోతున్నారు. పిల్లలు ఇంగ్లీషు మీడియం, ఖురాన్ అరబ్బీ వచ్చు, ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇంట్లో దాదీ పెట్టెలోనో, సందూక్ అడుగున బట్ట మూటలోనో పసుపు పచ్చని కాగితాలు ఉంటే ఈ నెలలోనే బయటికి తీయండి. ఉర్దూ చదివే పెద్దవాళ్ళను కూచోబెట్టి మౌజా పేరు, సర్వే నంబరు, ఫస్లీ సంవత్సరం, పేర్లు తెలుగులో రాయించండి. ఫోటోలు తీసి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరికీ పంపండి, ఆపాలకు తప్పకుండా పంపండి. ఆ తర్వాత మేడ్చల్‌లో కొత్త ప్లాటు చూడటానికి వెళ్ళండి. అల్లాహ్ బర్కత్ ఇస్తాడు.